పన్ను పోటు తగ్గింది, జబ్బు తగ్గలేదు

గోదావరి జిల్లాల్లో ఏ ఊరి మందుల షాపు దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడినా, "పన్ను పోటండీ, రాత్రంతా కన్ను మూతపడలేదు, ఏదైనా మంచి బిళ్ళ ఇవ్వండి" అనే మాట చెవిన పడుతుంది. షాపాయన రెండు రకాల బిళ్ళలు మూడు రోజులకు లెక్కపెట్టి ఇస్తాడు. ఒకటి నొప్పికి, రెండోది యాంటీబయాటిక్. మర్నాటికో ఎల్లుండికో పోటు తగ్గుతుంది, దంత వైద్యుడి దగ్గరకు వెళ్దామన్న ఆలోచన కూడా దానితోపాటే సర్దుకుంటుంది. ఊడ్పులు అయ్యాకో, సంక్రాంతి దాటాకో అదే పన్ను మళ్ళీ లేస్తుంది, ఈసారి దవడ వాస్తుంది, అప్పుడు వెళ్తే "ఇక పీకేయడమే" అంటారు. "పోనీలెండి, ఒక పన్నే కదా" అనుకుని ఇంటికి వచ్చేస్తారు.

ఈ వరసలో డబ్బు సమస్య ఉంది, దూరం సమస్య ఉంది, భయం ఉంది. వాటిని నేను తక్కువ చేయను. అయితే అన్నింటికంటే ముందున్న కారణం మరొకటని నా అభిప్రాయం. మనం పంటి జబ్బును నొప్పితో కొలుస్తున్నాం. నొప్పి ఉంటే జబ్బు ఉన్నట్టు, పోతే పోయినట్టు లెక్క వేస్తున్నాం. మిగతా ఒంటికి ఆ లెక్క కొంతవరకు సరిపోతుందేమో గానీ, పంటి విషయంలో చాలాసార్లు తలకిందులవుతుంది. రూట్ కెనాల్ చికిత్స (పన్ను పీకకుండా లోపలి జబ్బు కండను తీసి, శుభ్రం చేసి మూసేయడం) ఎందుకు చేస్తారో, ఎందుకు మధ్యలో ఆపకూడదో, ఆ తర్వాత పన్ను మీద తొడిగే క్యాప్ ఎందుకు తప్పనిసరో అర్థం కావాలంటే ముందు ఈ కొలత మార్చుకోవాలి.

పన్ను పైకి కనిపించేంత గట్టి రాయి కాదు. పైన పింగాణీ పొర, దాని కింద కొంచెం మెత్తటి దంత ధాతువు, ఆ లోపల నడిబొడ్డున చిన్న గది, ఆ గది నుంచి వేళ్ళ చివరిదాకా దిగే సన్నటి కాలువలు ఉంటాయి. ఆ గదిలోనూ కాలువల్లోనూ రక్తనాళాలు, నరాల పోగులు కలిసిన మెత్తటి కండ ఉంటుంది. దంతమజ్జ అని పుస్తకాల్లో రాసేదీ, ఆసుపత్రిలో అందరూ "నరం" అనేసేదీ అదే. దానికి రక్తం అందే ప్రధాన దారి వేరు చివర ఉన్న సూదిమొనంత రంధ్రమే. నోట్లోని సూక్ష్మజీవులు తీపి తిని ఆమ్లం తయారుచేస్తాయి. పంటి మీది పాచిలో పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలిచే అంకె; తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే దిగజారినప్పుడల్లా పింగాణీ కొద్దికొద్దిగా కరుగుతుంది. రోజుకు ఆరేడుసార్లు పంచదార టీ తాగే అలవాటున్నచోట, కాజా ముక్క పంటి సందులో ఇరుక్కుని గంటసేపు అక్కడే ఉండిపోయేచోట, ఆ కరగడం రోజంతా సాగుతూనే ఉంటుంది. పిప్పి లోపలి గదిదాకా చేరితే మజ్జ వాస్తుంది. ఒంట్లో మరోచోట వాపు వస్తే చర్మం సాగి చోటిస్తుంది గానీ, ఇక్కడ చుట్టూ గట్టి గోడలున్నాయి కాబట్టి ఒత్తిడి పోయే దారి లేదు. పన్ను పోటు అంత భయంకరంగా ఉండటానికీ, పడుకోగానే తలకు రక్తం ఎక్కువ చేరి రాత్రిళ్ళు ఇంకా ఎక్కువవడానికీ కారణం ఇదే.

నొప్పి తీరు చూసి జబ్బు ఏ దశలో ఉందో దంత వైద్యులు చాలావరకు అంచనా వేస్తారు. చల్లని నీళ్ళు తాకినప్పుడు జివ్వుమని, నీళ్ళు మింగగానే పోతే మజ్జ ఇంకా కోలుకోగలదు. పిప్పి తీసి సిమెంటు పెడితే సరిపోతుంది. నీళ్ళు మింగిన తర్వాత కూడా చాలాసేపు పోటు ఉండిపోతున్నా, వేడి టీకి ఎక్కువవుతున్నా, ఏమీ తగలకుండానే దానంతటది లేస్తున్నా మజ్జ ఇక కోలుకోదని అర్థం. రూట్ కెనాల్ చేయించుకోవలసిన సమయం అది. దాన్నీ దాటేస్తే ఒకరోజు నొప్పి హఠాత్తుగా మాయమవుతుంది. చల్లనిదీ తెలియదు, వేడిదీ తెలియదు. చాలామంది ఊపిరి పీల్చుకునే రోజు అదే, అన్నింటికంటే జాగ్రత్తపడవలసిన రోజూ అదే. లోపలి నరం చచ్చిపోయింది కాబట్టి చెప్పేవాళ్ళు లేరు. సూక్ష్మజీవులు మాత్రం ఖాళీ కాలువల్లోంచి వేరు చివర దాటి దవడ ఎముకలోకి చేరుతుంటాయి. కొన్నాళ్ళకు చిగురు మీద చిన్న పొక్కు లేచి, అప్పుడప్పుడు చీము కారి, మళ్ళీ మూసుకుంటుంది. చీము బయటికి పోయే దారి ఉన్నంతకాలం నొప్పి ఉండదు. అందువల్ల ఆ పొక్కును ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోరు.

బిళ్ళల మాట ఇక్కడ చెప్పాలి. యాంటీబయాటిక్ రక్తంతో పాటు ప్రయాణించి జబ్బున్న చోటికి చేరుతుంది. చచ్చిపోయిన మజ్జలో రక్తప్రసారమే లేనప్పుడు ఆ మందు కాలువల్లోకి చేరే మార్గం లేదు. వేరు చుట్టూ ఎముకలో ఉన్న సెగ కొంత చల్లారవచ్చు, అసలు గూడు పన్ను లోపల పదిలంగానే ఉంటుంది. పన్నుకు నేరుగా చికిత్స చేసే వీలున్నప్పుడు, మిగతా ఆరోగ్యం బాగున్న పెద్దవాళ్ళకు ఇలాంటి చాలా పంటి నొప్పులకు యాంటీబయాటిక్ వాడవద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో స్పష్టంగా సూచించింది. జ్వరం, వ్యాపిస్తున్న వాపు ఉన్నప్పుడు సంగతి వేరు. మన దగ్గర జరుగుతున్నది మాత్రం ప్రతి పోటుకూ ఒక కోర్సు, అదీ సగం కోర్సు. పన్నుకు మేలు జరగకపోగా, రేపు న్యుమోనియాకో మరో పెద్ద జబ్బుకో అదే మందు అవసరమైనప్పుడు లొంగని సూక్ష్మజీవులను మనమే పెంచుకుంటున్నాం.

జబ్బుకు కారణం సూక్ష్మజీవులేనని తేల్చిన ప్రయోగం ఒకటుంది. 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు అమెరికాలో రెండు రకాల ఎలుకల పళ్ళకు మజ్జదాకా రంధ్రం చేసి తెరిచి వదిలేశారు. మామూలు ఎలుకల్లో మజ్జ చచ్చి చీము పట్టింది. పుట్టుక నుంచి సూక్ష్మజీవులే సోకకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం, తిండి మెతుకులు ఇరుక్కున్నా సరే, గాయం దానంతటదే మానడం మొదలుపెట్టింది. రూట్ కెనాల్ చికిత్స మొత్తం ఈ ఒక్క విషయం మీద నిలబడింది: లోపలి సూక్ష్మజీవులను తీసేసి, మళ్ళీ రాకుండా మూసేస్తే ఎముక తన పని తాను చేసుకుంటుంది, పన్ను ఉన్నచోటే ఉంటుంది.

నా కింది దవడ పన్ను ఒకదానికి ఈ చికిత్స జరిగింది. కుర్చీలో పడుకున్నాక డాక్టరుగారు ముందు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పన్ను చుట్టూ పల్చటి రబ్బరు గుడ్డ బిగించారు. సాన్‌ఫర్డ్ బార్నమ్ అనే అమెరికన్ దంత వైద్యుడు 1864లో మొదలుపెట్టిన పద్ధతి అది. లాలాజలం కాలువల్లోకి పోకుండా, సన్నటి పరికరాలూ ఘాటు మందులూ గొంతులోకి జారకుండా కాపాడుతుంది. ఇప్పటికీ కొన్ని క్లినిక్కుల్లో ఇది వాడకపోవడం నాకు మింగుడుపడదు. తర్వాత ఫైలు అనే మెలికల తీగను నాకు చూపించారు. మొట్టమొదట దించే చిన్న ఫైలు కొన మందం 0.10 మిల్లీమీటర్లు. దాని మీద చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది, ఎంత లోతుకు దించాలో ఎక్స్‌రే చూసి, మీటరు పెట్టి కొలిచి, ఆ బిళ్ళను అక్కడ నిలుపుతారు. వేరు చివరకు ఒక మిల్లీమీటరు ముందే ఆగినా ఫరవాలేదు, రెండు మిల్లీమీటర్లు బయటికి పోతే మాత్రం అనవసరమైన పుండు.

ఫైలుతో గీకడం కంటే కడగడమే ముఖ్యమని ఆయన అన్నారు. కడగడానికి వాడేది సోడియం హైపోక్లోరైట్. వరదలు తీశాక పంచాయతీ వాళ్ళు బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరుకు దగ్గరి చుట్టం. ఫైలు చేరని మూలల్లోకి కూడా చేరి, చచ్చిన కండను కరిగించి, సూక్ష్మజీవులను చంపే గుణం దానికి ఉంది. రెండు సిట్టింగుల మధ్య కాలువల్లో ఉంచే మందు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే కిళ్ళీలో రాసుకునే సున్నంలోని పదార్థమే, ఆసుపత్రి కోసం శుద్ధి చేసినది. దాని పీహెచ్ 12 పైనే, అంత క్షారంలో చాలా సూక్ష్మజీవులు బతకలేవు. (ఇది చదివి ఎవరైనా పిప్పి పన్నులో తమలపాకు సున్నం పెట్టుకుంటే చిగురూ బుగ్గా కాలిపోతాయి, దయచేసి ఆ పని చేయకండి.) చివరికి కాలువలు నింపే గులాబి రంగు పుల్లల్లో గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థం ఉంటుంది. మలయా ద్వీపకల్పంలోని ఆ చెట్టు మన సపోటా, ఇప్ప, పొగడ చెట్ల కుటుంబానిదే. పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు నీరు తగలకుండా ఈ పాలనే పూత పూశారు. కడియం నర్సరీల్లో సపోటా మొక్కకు ఆకు తుంచితే కారే పాలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

కాలువల సంఖ్య గురించి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే చికిత్స విఫలమయ్యే కారణాల్లో ఇదొకటి. ముందు పళ్ళకు సాధారణంగా ఒక్కటే, కింది దవడ పళ్ళకు మూడు, ఒక్కోసారి నాలుగు. పై మొదటి దవడ పన్నుకు మూడు వేళ్ళే ఉన్నా, ఎక్కువమందిలో నాలుగో కాలువ ఒకటి దాక్కుని ఉంటుంది. పెద్ద కాలువ పూడిక తీసి పంట బోదె వదిలేస్తే చివరి చేనుకు ఏం జరుగుతుందో డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు. ఆ నాలుగోదాన్ని వెతికి పట్టుకోవడానికి భూతద్దాలో, మైక్రోస్కోపో, అన్నింటికంటే ఎక్కువగా ఓపికో కావాలి. పై దవడ పన్ను అయితే నాలుగో కాలువ వెతికారా అని అడగడం రోగికి హక్కు. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

నొప్పి భయం సంగతికి వస్తే, అది ఊహించినది కాదు, పాత తరం అనుభవించినదే. ఇప్పుడు వాడే లిగ్నోకైన్ మత్తుమందును స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశారు. దానితో చాలావరకు ఏమీ తెలియకుండానే పని జరిగిపోతుంది. బాగా సెగ పట్టిన కింది దవడ పన్నుకు మాత్రం మొదటి ఇంజెక్షన్ పూర్తిగా ఎక్కకపోవచ్చు. అలాంటప్పుడు పళ్ళ బిగువున ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు. చెయ్యి ఎత్తి చెబితే మరోచోట అదనంగా మందు ఇస్తారు. పోటు ముదిరే కొద్దీ మత్తు ఎక్కడం కష్టమవుతుంది కాబట్టి, భయపడి వాయిదా వేసేవాళ్ళకే ఆ భయం నిజమవుతుంది.

ఇక మధ్యలో ఆపేసేవాళ్ళ సంగతి. కోనసీమలో మా మేనత్త ఉంది. పై దవడ పన్నుకు మొదటి సిట్టింగు చేయించుకుంది. లోపలి కండ తీసేశారు కాబట్టి ఆ రాత్రే హాయిగా నిద్రపోయింది. రెండోసారి వెళ్ళవలసిన రోజున నేను ఫోను చేస్తే, "పోటే లేదురా అబ్బాయ్, మళ్ళీ ఎందుకు అమలాపురందాకా? దాళ్వా కోతలయ్యాక చూద్దాంలే" అంది. "అత్తా, లోపల కాలువలు తెరిచే ఉన్నాయి, పైన పెట్టింది తాత్కాలికంగా పెట్టిన సిమెంటే" అంటే, "ఉందిలే గట్టిగానే" అని నాలుకతో తడుముకుని చెప్పింది. ఆ సిమెంటు కొద్ది వారాలు నిలవడానికి పెట్టేది. కోతలు అయ్యాయి, ఊడ్పులూ అయ్యాయి, ఒకరోజు జంతిక కొరికితే పన్ను నిలువునా చీలింది. వేరుదాకా చీలిన పన్నును అతికించే విద్య ఇంకా రాలేదు. పీకేశారు. మా అత్తకు తెలివి తక్కువై ఇలా జరగలేదు. మొదటి సిట్టింగు రోజున ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి, నొప్పి ఈ రాత్రే పోతుంది, పని మాత్రం సగమే అయింది అని చెప్పలేదు. ఆ రెండు మాటలు చెప్పవలసిన బాధ్యత వైద్యులదని నేను గట్టిగా నమ్ముతాను.

చికిత్స పూర్తయ్యాక క్యాప్ దగ్గర కూడా ఇదే జరుగుతుంది. పిప్పి తీసి, గది తెరిచి, లోపల ఖాళీ చేశాక దవడ పన్నుకు మిగిలేది పల్చటి గోడలు. నమలడం మొదలుపెడితే ఆ గోడలు విచ్చుకుంటాయి. అందుకే వెనక పళ్ళకు లోహమో, సిరామిక్కో, జిర్కోనియానో క్యాప్ తొడగాలి. ముందు పళ్ళు ఎక్కువగా పాడవకుంటే ఒక్కోసారి సిమెంటుతో సరిపోవచ్చు. నొప్పి లేదు కాబట్టి క్యాప్ తర్వాత చూద్దామనుకునేవాళ్ళ కోసం రెండు అధ్యయనాలు చెబుతాను. 2002లో అక్విలినో, కాప్లాన్ ప్రచురించిన పరిశీలనలో, క్యాప్ వేయని పళ్ళు వేసినవాటి కంటే ఆరు రెట్లు వేగంగా పోయాయి. 2004లో అమెరికాలో 14 లక్షలకు పైగా రూట్ కెనాల్ చేసిన పళ్ళ బీమా రికార్డులు పరిశీలిస్తే, ఎనిమిదేళ్ళ తర్వాత 97 శాతం నోట్లోనే ఉన్నాయి; పీకించుకోవలసి వచ్చినవాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. అవి బీమా ఉన్న అమెరికన్ల పళ్ళు, మన లెక్కలు అచ్చంగా అలాగే ఉండకపోవచ్చు. అయినా క్యాప్ లేని పన్ను ఎటు పోతుందో చెప్పడానికి అవి చాలు.

"ఒక పన్నే కదా" అనే మాటకు కూడా జవాబు ఉంది. ఎక్కువగా పోయేది మొదటి దవడ పన్ను. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనక చప్పుడు లేకుండా మొలుస్తుంది, తల్లిదండ్రులు అదీ పాలపన్నేననుకుంటారు, పిప్పి పట్టినా "ఊడిపోయేదేగా" అని వదిలేస్తారు. అది మళ్ళీ రాదు. నమలడంలో సింహభాగం మోసే ఆ పన్ను పోతే వెనక పన్ను ఖాళీలోకి ఒరుగుతుంది, పైనుంచి ఎదుటి పన్ను కిందికి జారుతుంది, నమలడం రెండో పక్కకు మారుతుంది. కొన్నేళ్ళకు బ్రిడ్జి (పక్క పళ్ళ మీద ఆనించి నిలిపే కట్టుడు పన్ను) కట్టించుకోవాలంటే, ఏ జబ్బూ లేని అటుపక్క ఇటుపక్క పళ్ళను అరగదీయాలి. పీకడానికి అయ్యే ఖర్చు తక్కువే. ఆ ఖాళీని పూడ్చడానికి అయ్యే ఖర్చు కలిపితే చాలాసార్లు రూట్ కెనాల్, క్యాప్ రెండూ కలిపినదాన్ని దాటిపోతుంది.

రూట్ కెనాల్ చేయిస్తే ఒంట్లో రోగాలు వస్తాయన్న వీడియోలు ఈమధ్య వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వాటి మూలం నూరేళ్ళకు పైబడినది. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు మాంట్రియల్‌లో చేసిన ప్రసంగం, ఆ తర్వాత వెస్టన్ ప్రైస్ అనే అమెరికన్ దంత వైద్యుడు చేసిన ప్రయోగాలు కలిసి, ఒంట్లోని రకరకాల జబ్బులకు పళ్ళే కారణమన్న వాదాన్ని వ్యాపింపజేశాయి. ఆ వాదాన్ని నమ్మి బాగున్న పళ్ళు కూడా కుప్పలుగా పీకేశారు. రోగాలు మాత్రం తగ్గలేదు. తర్వాతి పరిశోధనల్లో ఆ ప్రయోగాలు నిలబడలేదు. చీము పట్టిన పన్నును అలాగే ఉంచుకోవడమే ప్రమాదం, శుభ్రం చేసి మూసేసిన పన్ను కాదు.

మధుమేహం ఉన్నవాళ్ళు ఈ విషయంలో మరింత తొందరపడాలి. ఉభయ గోదావరి పల్లెల్లో 30 ఏళ్ళు దాటినవారిని పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో 13 శాతం మందికి మధుమేహం కనిపించింది. చక్కెర అదుపులో లేకపోతే వేరు చివరి పుండు నెమ్మదిగా మానుతుంది, వాపు త్వరగా వ్యాపిస్తుంది. వాపు దవడ కిందికి, నాలుక కిందికి దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడానికో ఊపిరికో కష్టమైనా, కన్ను మూసుకుపోయేలా వాచినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ప్రతి పన్నునూ నిలబెట్టాలని నేను అనడం లేదు. నిలువునా చీలినదాన్ని, చిగురు పైన పట్టుకోవడానికి గోడే మిగలనిదాన్ని, చుట్టూ ఎముక పోయి ఊగుతున్నదాన్ని తీసేయడమే న్యాయం. నిలబెట్టగలిగినదాన్ని డబ్బు చూసుకుని వదులుకునేవాళ్ళు భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో ఉన్న డెంటల్ కాలేజీల మెట్లు ఎక్కి చూడాలి. అక్కడ ఈ చికిత్స కోసమే ప్రత్యేకంగా ఎమ్‌డీఎస్ (దంత వైద్యంలో పీజీ) చేస్తున్న విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో పని చేస్తారు. ప్రైవేటు క్లినిక్కు కంటే సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు తక్కువ. ఎక్కడికి వెళ్ళినా క్యాప్‌తో కలిపి మొత్తం ఎంతవుతుందో, ఎన్నిసార్లు రావాలో మొదటి రోజే అడిగి రాయించుకోవాలి. క్యాప్ వేసిన ఏడాదికి, ఏ బాధా లేకపోయినా, ఒకసారి ఎక్స్‌రే తీయించుకోవాలి. వేరు చివర ముందు నల్లటి నీడ కనిపించిన చోట ఎముక మళ్ళీ పూడుకుందో లేదో అందులో తెలుస్తుంది.